తర్ఫా పాతిపెట్టిన మనిషి

ఆమె మా ఊరికి వచ్చేసరికి ఆలివ్ కాయలు నల్లబడుతున్నాయి. కోసేవాళ్ళే లేరు.

అంతకుముందు రెండేళ్ళు అక్కా రేవుపట్నం చుట్టూ యుద్ధం జరిగింది. కోట లోపల మనవాళ్ళు, వాళ్ళని చుట్టుముట్టి సముద్రం దాటొచ్చిన ఫరంగీలు, ఆ ఫరంగీలని చుట్టుముట్టి మన సుల్తాను సైన్యం. మా ఊరు ఆ సైన్యానికి వెనకాల, కొండవాలులో ఉంది. సైనికుల గుర్రాలు మా బార్లీ మేశాయి. వాళ్ళ పొయ్యిల్లోకి మా చెట్ల కొమ్మలు పోయాయి. వాళ్ళ గుడారాల్లో పుట్టిన జ్వరం ఊళ్ళోకొచ్చి నా మొగుడు జాబిర్‌ని తీసుకుపోయింది. మాకు పిల్లలు నిలవలేదు. ఇల్లూ, నూనె గానుగా, దాన్ని తిప్పే ముసలి గాడిదా, నేనూ మిగిలాం. నా పేరు ఫుతూన్.

ఆఖరికి కోట పడిపోయింది. లోపలున్న మనవాళ్ళు బందీలయ్యారు. వాళ్ళని విడిపించడానికి సుల్తానుకీ ఫరంగీల రాజుకీ మధ్య రాయబారాలు నడిచాయి. గడువు పెట్టారు, దాటింది. ఒకరోజు మధ్యాహ్నం ఫరంగీలు ఆ బందీలని తాళ్ళతో కట్టి మా కింద మైదానంలోకి నడిపించుకొచ్చి, మేం చూస్తుండగానే నరికేశారు. మన సైన్యం వాళ్ళ మీద పడింది గానీ ఆపలేకపోయింది. తర్వాత కొద్దిరోజులకే ఫరంగీలు సముద్రం ఒడ్డు పట్టుకుని దక్షిణానికి కదిలారు. వాళ్ళ వెంబడే సుల్తానూ కదిలాడు. యుద్ధం మా దగ్గర్నుంచి వెళ్ళిపోయింది. శవాలు మాత్రం మాకే మిగిలాయి.

మొహాలు గుర్తుపట్టినవాళ్ళని సైనికులే పాతిపెట్టి వెళ్ళారు. మిగతావాళ్ళ మీద ఊరివాళ్ళం మట్టి కప్పాం. చేతనైనంత కప్పాం. నక్కలు దాన్ని తవ్వుతూనే ఉన్నాయి.

ఆ రోజు నేను గానుగ రాయి కడుగుతుంటే గుమ్మంలో నీడ పడింది. తలెత్తి చూస్తే ఒక ఆడమనిషి. పాతికేళ్ళు దాటి ఉంటాయి. కాళ్ళకి చెప్పుల బదులు గుడ్డలు చుట్టుకుంది. నీళ్ళడిగి తాగింది. తాగాక మైదానం ఎటుపోవాలని అడిగింది.

"ఏ మైదానం?"

"మనుషుల్ని చంపిన మైదానం, పిన్నీ."

ఆమె యాస మా వైపుది కాదు. మాట చివర సాగదీస్తోంది. దక్షిణాన ఈజిప్టు దారిలో, సముద్రం ఒడ్డున అస్కలాన్ అనే ఊరుంది. అక్కడివాళ్ళు అలా మాట్లాడతారని జాబిర్ చెప్పగా విన్నాను.

"అంత దూరం నుంచి ఒక్కదానివే వచ్చావా? ఊళ్ళో ఎవరూ తోడు రాలేదా?" అన్నాను.

"ఊళ్ళో ఎవరూ లేరు. అసలు ఊరే లేదు."

లోపలికి రమ్మన్నాను. బార్లీ రొట్టె, ఉప్పులో ఊరిన ఆలివ్ కాయలు పెట్టాను. తింటూనే చెప్పింది. పేరు తర్ఫా. మొగుడు గనాయిం రాతిపని మేస్త్రీ. పోయిన వసంతంలో అక్కా కోటగోడలు ఫరంగీల రాళ్ళ దెబ్బలకి కూలిపోతుంటే, మరమ్మతు కోసం సుల్తాను మనుషులు ఊరూరా మేస్త్రీలని పోగుచేశారు. గనాయిం కూడా ఓడెక్కాడు. తర్ఫాకి ఒక్కడే తమ్ముడు, ఖలఫ్. బట్టలకి రంగులద్దే పని. గోడ మొహం ఎరగనివాడు. "ఆయన్ని కనిపెట్టుకుని ఉండరా" అని వాణ్ణి తర్ఫాయే వెంట పంపింది.

"తర్వాత కోట పడిందని కబురొచ్చింది. తర్వాత చంపేశారని వచ్చింది. ఆ తర్వాత సుల్తానే వచ్చాడు మా ఊరికి."

"మీ ఊరిని కాపాడ్డానికా?"

"పడగొట్టడానికి."

నమ్మలేదు నేను. ఫరంగీలు అస్కలాన్‌ని పట్టుకుంటే ఈజిప్టుకి తలుపు తెరిచినట్టేననీ, నిలబెట్టుకునే బలం లేదు కాబట్టి వాళ్ళ చేతికి చిక్కకుండా ఊరినే లేకుండా చెయ్యాలనీ నిర్ణయించారట. ఒక్కో బురుజు ఒక్కో దళానికి పంచారు. జనాన్ని బయటికి పొమ్మన్నారు. మోసుకుపోలేనివాళ్ళు కోళ్ళనీ జాడీలనీ దారిన పోయేవాళ్ళ చేతుల్లో పెట్టేశారు. గోడలు తొందరగా కూలడం లేదని ఇళ్ళకి నిప్పు పెట్టారు. జనమంతా ఈజిప్టు దారి పట్టారు. తర్ఫా ఒక్కతే ఉత్తరానికి తిరిగింది.

సాయంత్రం ఊరిపెద్ద ముఫ్లిహ్ బాబాయి ఈ సంగతి విని తల పట్టుకున్నాడు. "ఆయనకి మాత్రం సరదానా తల్లీ. ఏడ్చాడట. ఆ ఊళ్ళో ఒక్క రాయి కదిపేముందు సుల్తాను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడని అందరూ చెప్పుకుంటున్నారు."

"ఏడ్చే ఉంటాడు, తాతా. ఏడ్చి, పడగొట్టించాడు," అంది తర్ఫా. ఆ మాటలో కోపం కూడా లేదు. అలిసిపోయి ఉంది, అంతే.

మర్నాడు ఆమెతో నేనూ మైదానానికి వెళ్ళాను. ఒక్కదాన్నే పంపబుద్ధి కాలేదు. పట్నం గోడల మీద ఫరంగీల కాపలావాళ్ళు చీమల్లా కనిపిస్తున్నారు. వాళ్ళు మమ్మల్ని పట్టించుకోలేదు. నేను కర్రతో కుక్కల్ని తోలుతూ కూచున్నాను. ఆమె మట్టిగుట్టల పక్కన మోకాళ్ళ మీద పాకుతూ వెతికింది. అప్పటికి మొహాలెక్కడివి. బట్టలు ఫరంగీలే ఒలుచుకుపోయారు. కొన్ని మణికట్టులకి తాళ్ళింకా అలాగే ఉన్నాయి. ఆమె పళ్ళు చూస్తోందని కాసేపటికి నాకర్థమైంది.

"ఆయనకి ముందు పన్ను సగం లేదు పిన్నీ. పెళ్ళయిన కొత్తలో రాతిముక్క ఎగిరి తగిలింది. ఎలా ఉన్నానని అడిగితే నవ్వేశాను. రెండ్రోజులు మాట్లాడలేదు నాతో."

రోజూ వెళ్ళాం. చలి మొదలయ్యే రోజుల్లో ఒక ఉదయం ఆమె ఒకచోట ఆగిపోయి చాలాసేపు కదల్లేదు. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. ముందు పన్ను విరిగిన మాట నిజమే. కానీ దెబ్బలు తిన్న మనుషులు వాళ్ళంతా. అలాంటి పళ్ళు అంతకుముందే ఎన్నో చూశాను.

"ఈయనే," అంది.

నేను గాడిద కోసం ఊరివైపు నడిచాను.

ఆ ఎముకల్ని గాడిద మీద తెచ్చుకున్నాం. మా పొలం గట్టున జాబిర్ పక్కన చోటుంది. ముఫ్లిహ్ బాబాయి నమాజు చదివించాడు. ఎవరి పేరు చెప్పమంటావని అడిగితే, "గనాయిం. అస్కలాన్ మేస్త్రీ," అని చెప్పింది. అప్పుడేడ్చింది. ఏడుపయ్యాక చేతులు కడుక్కుని వచ్చి, ఆ రోజే నాతోపాటు ఆలివ్ కాయలు దులపడానికి చెట్టెక్కింది.

వెళ్ళడానికి ఆమెకి చోటు లేదు. ఉండమని నేను నోరు తెరిచి అనలేదు, వెళ్తానని ఆమె అనలేదు. జాబిర్ పోయాక ఇంట్లో మాట వినపడక, నేను గాడిదతో మాట్లాడటం మొదలుపెట్టాను. ఊరి ఆడవాళ్ళు, "ఫుతూన్ గాడిద ఏమంటోందే ఇవాళ?" అని నవ్వేవాళ్ళు. తర్ఫా వచ్చాక ఆ నవ్వులు ఆగిపోయాయి. పొద్దున లేచేసరికి పొయ్యి రాజేసి ఉండేది. నా తల దువ్వేది. మా వైపు వంటలకి వంకలు పెట్టేది. పప్పులో మేం నిమ్మరసం పిండమని తెలిసి, "దీన్ని పప్పంటారా పిన్నీ, గోడకి పూసుకోవచ్చు," అనేది. చలికాలం అలా గడిచింది.

వితంతువు ఉండాల్సిన గడువు దాటాక ముఫ్లిహ్ బాబాయి మెల్లిగా పెళ్ళిమాట కదిపాడు. ఆయన తమ్ముడికి భార్య చనిపోయింది.

"మా తమ్ముడు రానీ తాతా, వాడితో మాట్లాడండి. నాకు పెద్దదిక్కు వాడే," అంది తర్ఫా.

ఖలఫ్ బతికే ఉన్నాడని ఆమె నమ్మకం. పని చెయ్యగల కుర్రవాళ్ళని ఫరంగీలు చంపకుండా ఉంచుకున్నారని అందరూ అనుకుంటున్నదే. మొగుడి వయసు ముప్ఫై అయిదు దాటింది, తమ్ముడికి ఇరవై. ఎవరిని ఉంచుకుంటారు మరి? ఆ లెక్కలో మొగుణ్ణి మట్టికిచ్చేసి తమ్ముణ్ణి మిగుల్చుకుంది. పాతబట్టలు చింపి వాడికొక చొక్కా కూడా కుట్టి పెట్టింది.

ఎండాకాలం చివర సంధి కుదిరిందన్నారు. తీరమంతా ఫరంగీలకి, కొండలూ జెరూసలేమూ మనకి. ఇరుపక్కలవాళ్ళూ దారుల్లో భయం లేకుండా తిరగొచ్చు. ఫరంగీల రాజు ఓడెక్కి వెళ్ళిపోయాడు. మా ఊరు ఎవరి కిందికి వస్తుందో కొన్నాళ్ళు ఎవరూ తేల్చలేదు. మాకూ అడగబుద్ధి కాలేదు.

మళ్ళీ ఆలివ్ కోతలొచ్చాయి. తర్ఫా పొలానికెళ్ళింది. నేను గానుగ దగ్గర ఉన్నాను. బయట ఎవరో గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, లోపల ఎవరైనా ఉన్నారా? ఇటు అస్కలాన్ ఆడమనిషి ఒకామె వచ్చిందట. మీరెరుగుదురా?"

మాట చివర సాగింది. నా చేతిలోని చాట కింద పెట్టేశాను. ఖలఫ్ వచ్చాడనుకున్నాను. బయటికొచ్చి చూస్తే కుర్రవాడు కాదు. గడ్డం సగం నెరిసింది. మెడ మీద తాడు ఒరుసుకున్న మచ్చ. నీళ్ళిచ్చాను. తాగి, అల్లా మీకు మేలు చెయ్యాలి అంటున్నప్పుడు పళ్ళు కనిపించాయి.

నాకు సంతోషం కలగలేదు. కలగాల్సింది. నా ఇంట్లో పొయ్యి రాజేసే మనిషిని తీసుకుపోయేవాడు వచ్చాడనే ముందు తోచింది.

"మీ పేరు గనాయిమా?"

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "మీకెలా తెలుసు?"

"మా పొలంలో మీ సమాధి ఉంది," అన్నాను. అలా చెప్పి ఉండకూడదు. ఇంకెలా చెప్పాలో తెలియలేదు.

పొలానికి తీసుకెళ్ళాను. తర్ఫా ఆ సమాధి దగ్గరే ఉంది, గడ్డి పీకుతోంది. మా అడుగుల చప్పుడికి తలతిప్పింది. అతను కాస్త దూరంలో ఆగిపోయాడు. ఆమె లేచి, చేతుల మట్టి దులుపుకోకుండానే వచ్చి, అతని గడ్డం పట్టుకుని నోరు తెరిచి చూసింది, సంతలో గుర్రాన్ని చూసినట్టు. ఆ విరిగిన పన్ను మీద వేలు పెట్టింది. తర్వాత అతని భుజం మీద నుదురు ఆనించి అలా నిలబడిపోయింది. నేను మొహం తిప్పుకున్నాను.

కాసేపటికి ఆమె గొంతు వినిపించింది.

"ఖలఫ్ ఏడీ?"

అతను ఆమె భుజాలు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వెనకాల వస్తున్నాడా? వాడికి నడక చేతకాదు. ఎక్కడ కూలబడ్డాడు?"

"తర్ఫా," అన్నాడు.

ఆమె అతణ్ణి వదిలి వెనక్కి జరిగింది. ఒకసారి మైదానం వైపు చూసింది. తర్వాత తను పీకిన గడ్డి వైపు, తను పేర్చిన రాళ్ళ వైపు చూసింది.

"అయితే వీడెవడు?" అంది.



ఆ రోజు నుంచి ఆమె అతనితో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది. పక్కబట్టలు గానుగ కొట్టంలో వేసేది. తను నా గదిలో పడుకునేది. అతను నొచ్చుకోలేదు. పొద్దున్నే లేచి, యుద్ధంలో సైనికులు కూలగొట్టిన మా పెరటి గోడ కట్టడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. రాయి మీద రాయి పేరుస్తూ నాతో చెప్పేవాడు. నాతో అనేవాడే గానీ, కిటికీ పక్కన కూచుని పప్పు ఏరుతున్న తర్ఫాకి వినపడేలా చెప్పేవాడు.

"చంపడానికి తీసుకెళ్ళిన రోజు పొద్దున ఒక ఫరంగీ వచ్చాడమ్మా. రాతిపని తెలిసినవాళ్ళు పక్కకి రమ్మన్నాడు. ఎందుకో మాకు తెలీదు. నేను ఖలఫ్ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. వీడూ మేస్త్రీయే, నా శిష్యుడే అన్నాను. ఆ ఫరంగీ అరిచేతులు చూపించమన్నాడు. నావి చూశాడు, సరే అన్నాడు. ఖలఫ్‌వి చూశాడు. నెలల తరబడి రాళ్ళు మోసినా వాడి గోళ్ళ మొదట్లో నీలిరంగు పోలేదు. ఫరంగీ ఆ వేళ్ళు పైకెత్తి పక్కవాళ్ళకి చూపించి నవ్వాడు. వాణ్ణి అవతలి వరసలోకి నెట్టాడు."

కిటికీలో పప్పు ఏరుతున్న చప్పుడు ఆగింది.

"ఏమన్నాడు?" తర్ఫా అడిగింది. మాట్లాడటం మానేశాక ఆమె అతణ్ణి అడిగిన మొదటి మాట అదే.

"ఏమీ అనలేదు. పనికి పంపుతున్నారనుకున్నాడు. సాయంత్రం కలుద్దాం బావా అన్నట్టు చెయ్యి ఊపాడు."

ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళాను. ఆ కుట్టిన చొక్కా మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తోంది. "నేనే పంపాను పిన్నీ, వాడు పోనన్నాడు," అంది. నేను ఆమె వీపు నిమురుతూ కూచున్నాను. ఆ రోజు పొయ్యి నేనే రాజేశాను.

మిగతా కథ అతను తర్వాతి రోజుల్లో చెప్పాడు. బతికించిన మేస్త్రీలని ఫరంగీలు ముందు దక్షిణాన యాఫా రేవుకి తీసుకెళ్ళి అక్కడి గోడలు కట్టించారు. చలికాలం వానల్లో మళ్ళీ నడిపించారు. ఎక్కడికో చెప్పలేదు. సముద్రం ఒడ్డున రాళ్ళ గుట్టలున్న ఒకచోట ఆపి, ఇక్కడ కోట కట్టాలన్నారు. ఏ ఊరిదో ఈ శిథిలం అనుకున్నాడట. నీళ్ళు తోడడానికి ఒక బావి దగ్గరికి పంపితే, ఆ బావి గట్టు తనే కట్టినదని తెలిసింది.

"అస్కలాన్‌ని మనవాళ్ళే పడగొట్టారని యాఫాలో విన్నానమ్మా. ఫరంగీలు మా మనసు విరచడానికి చెప్తున్నారనుకున్నాను."

తోటి బందీల్లో అస్కలాన్‌వాడు ఒక్కడూ లేడు. కుర్దులు, ఈజిప్టు ఓడవాళ్ళు, అలెప్పో సైనికులు. అతను రాళ్ళు మోస్తూ, ఇది కుమ్మరి వీధి, ఇది చేపల వీధి అని పైకే అనుకునేవాడట. "మేస్త్రీ మళ్ళీ ఊరేగుతున్నాడ్రోయ్" అని వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. అతను చెప్పే ఊరు వాళ్ళకి కనిపించదు కదా. వాళ్ళు చూస్తున్నవి బూడిదా, మొండిగోడలే. వాళ్ళ తప్పేమీ లేదన్నాడు. తన ఇల్లున్న చోట రొట్టెల పొయ్యి ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నం విరామంలో అక్కడికెళ్ళి కూచునేవాడు.

వాళ్ళ మీద పెద్ద మేస్త్రీగా ఓడో అనే ముసలి ఫరంగీ ఉండేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. రాయి, నీళ్ళు, తాడు, సున్నం, ఈ నాలుగు మాటలు ఓడో నేర్చుకున్నాడు. ఒకరోజు గనాయిం వెనకే వచ్చి, ఆ పొయ్యి పక్కన కూచున్నవాణ్ణి చూశాడు. పొయ్యిని చూపించి, అతణ్ణి చూపించి, నీదా అన్నట్టు తల ఊపాడు. అవునన్నాడు గనాయిం. ఓడో కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఆ వీధి రాళ్ళన్నీ గోడలోకి ఎత్తించినా, ఆ పొయ్యి జోలికి మాత్రం ఎవరినీ రానివ్వలేదు.

"నాతో ఒక మనిషి మాట్లాడినట్టనిపించింది ఆ ఏడాదిలో అదొక్కటే," అన్నాడు గనాయిం. అని, శత్రువు గురించి అలా అన్నందుకు సిగ్గుపడ్డట్టు మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

ఎండాకాలానికి గోడలు లేచాయి. వెంటనే సంధి కుదిరింది. ఆ సంధిలో ఒక షరతు ఏమిటంటే, అస్కలాన్ ఎవరికీ దక్కకూడదు. ఇరుపక్కలవాళ్ళూ కలిసి దాన్ని పడగొట్టాలి. సుల్తాను మనుషులు గునపాలతో వచ్చారు. ఫరంగీలూ గునపాలు పట్టారు. ఓడో, గనాయిం ఒకే గోడ మీద నిలబడి తాము కట్టిన రాళ్ళని తామే తోశారు. పని ముగిశాక ఫరంగీలు ఓడలెక్కుతున్నప్పుడు ఓడో అతని మెడలోని తాడు కోసేసి, దక్షిణం వైపు చెయ్యి చూపించాడు. గనాయిం ఈజిప్టు వెళ్ళాడు. అక్కడ బిల్బయిస్ అనే ఊళ్ళో తన అస్కలాన్‌వాళ్ళు దొరికారు. తర్ఫా శవాల కోసం ఉత్తరానికి పోయిందని ఒక పొరుగింటామె చెప్పింది. మళ్ళీ నడుచుకుంటూ వచ్చాడు.

ఈ కథ ముగిసిన సాయంత్రం తర్ఫా కిటికీ వదిలి బయటికొచ్చింది. వచ్చి, అతను కడుతున్న గోడ ముందు నిలబడింది.

"వాళ్ళకి గోడ కట్టావా నువ్వు?"

"కట్టాను."

"గట్టిగా కట్టావా?"

అతను ఆలోచించాడు. "నాకు ఇంకోలా కట్టడం రాదు తర్ఫా."

"మళ్ళీ పడగొట్టావా?"

"పడగొట్టాను."

ఆమె నవ్వింది. మా ఊరొచ్చాక అలా పైకి నవ్వడం నేను వినలేదు. ఆ నవ్వు కాస్తా ఎటో తిరిగి ఏడుపయింది. అతను చేతిలోని రాయి కింద పెట్టాడు గానీ దగ్గరికి రాలేదు. ఆమే వెళ్ళి అతని పక్కన నేలమీద కూచుంది. ఆ తర్వాత ఆమె పక్క నా గదిలో పరుచుకోలేదు.

వాళ్ళిద్దరూ కలిసి మైదానానికి వెళ్ళేవాళ్ళు. ఖలఫ్ నిలబడ్డ వరస ఏ వైపుకి నడిచిందో అతను చూపించాడు. అప్పటికి అక్కడ గడ్డి మొలిచింది. వెతకడానికి ఏమీ లేదు. తిరిగొచ్చేటప్పుడు మా పొలంలోని సమాధి దగ్గర ఆగేవాళ్ళు. తనది కాని ఆ సమాధి మీద గనాయిం కూడా చేతులెత్తి దువా చేసేవాడు. ఎవరి కొడుకో, ఎవరి మొగుడో అనుకునేవాళ్ళం. ముఫ్లిహ్ బాబాయి తమ్ముడు మాత్రం, "చచ్చినోడు లేచొచ్చి గోడలు కడుతున్నాడు, మనకి పిల్ల దక్కలేదు," అని ఊరంతా చెప్పుకుని నవ్వించాడు. గనాయిమూ నవ్వాడు.

చలికాలం పోతుండగా డమాస్కస్ నుంచి కబురొచ్చింది, సుల్తాను జ్వరంతో పోయాడని. ఊళ్ళో మగవాళ్ళు మసీదు ముందు పిల్లల్లా ఏడ్చారు. యుద్ధాలన్నీ చేసి, ఒక్క ఏడాది కూడా కూచుని తినలేదు మహారాజు అన్నాడు ముఫ్లిహ్ బాబాయి. తర్ఫా గానుగ కొట్టంలోకి వెళ్ళి చాలాసేపు ఏడ్చింది. ఎవరి కోసమో నేనడగలేదు. గనాయిం ఏడవలేదు. "ఇప్పుడు ఆ ఊరిని తిరిగి కట్టేవాళ్ళెవరూ ఉండరు," అన్నాడు.

బాదం పూత రాలే రోజుల్లో బిల్బయిస్ పోతామన్నారు. వాళ్ళ మాట మాట్లాడే మనుషుల మధ్య ఉండాలనిపిస్తోందని తర్ఫా నా మొహం చూడకుండా చెప్పింది.

"నువ్వూ రా పిన్నీ. ఇక్కడేముంది నీకు?"

"నీకు అక్కడేముంది?" అన్నాను. ఆమె నొచ్చుకుందని తెలిసి, "నా గాడిద అంత దూరం నడవదే," అన్నాను. ఇద్దరం నవ్వాం. జాబిర్ ఇక్కడున్నాడని ఆమెకి తెలుసు. ఈ వయసులో నేను ఇంకొకరి ఊరిలో, లేకుండా పోయిన ఇంకో ఊరివాళ్ళ మధ్య బతకలేనని కూడా తెలుసు. మళ్ళీ అడగలేదు.

వెళ్ళే రోజు పొద్దున ఆమె నా తల దువ్వింది. గనాయిం గోడని ఒకసారి అరచేత్తో తట్టి చూసుకున్నాడు. కొండ మలుపు దాకా వెళ్ళి సాగనంపాను. మలుపు తిరిగాక ఆమె వెనక్కి చూసిందో లేదో నాకు కనిపించలేదు.

ఆ వేసవి వేడి ఎక్కువ. ఆలివ్ కాపు తగ్గింది. పిల్లలు కొట్టం గుమ్మంలో చేరి, ఫుతూనవ్వ గాడిద ఏమంటోందని మళ్ళీ అడగసాగారు.

రెండేళ్ళ తర్వాత బిల్బయిస్ నుంచి నారబట్టల వర్తకుడొకడు మా ఊరి మీదుగా సఫద్ వెళ్తూ ఆగాడు. అస్కలాన్ మేస్త్రీ భార్య తెలుసా అని అడిగాను.

"తెలీకేం. ఇల్లు చెప్పి మరీ పంపింది. గానుగ ఇల్లు, గట్టి గోడ ఉంటుంది అంది. బాగున్నారు. అతను అక్కడ ఊరివాళ్ళ స్నానాలకి హమామ్ కడుతున్నాడు."

"పిల్లలూ?"

"ఇంట్లో పిల్లలు తిరుగుతున్నారు. వాళ్ళ పిల్లలో పొరుగువాళ్ళ పిల్లలో నేనడగలేదు."

"నాకేమైనా చెప్పమందా?"

"చెప్పమంది," అన్నాడు. అని ఆగిపోయాడు. తలపాగా తీసి బుర్ర గోక్కున్నాడు. "ఏదో అందమ్మా. పిన్నితో తప్పకుండా అను అని రెండుసార్లు చెప్పింది. పప్పు గురించో, చెట్టు గురించో. దారి పొడుగు కదా, పోయింది."

"గుర్తు తెచ్చుకో బాబూ. తొందరేమీ లేదు. తిని, నిదానంగా ఆలోచించు."

అతనికి రొట్టె, నూనె, అంజూర పళ్ళు పెట్టాను. మంచివాడు, నిజంగానే ప్రయత్నించాడు. తింటూ మధ్యలో ఆగి కళ్ళు మూసుకునేవాడు. పెదాలు కదిపేవాడు. నేను ఎదురుగా కూచుని అతని నోటివైపే చూశాను. చివరికి చేతులు కడుక్కుని, గుర్తు రావడం లేదమ్మా, నన్ను క్షమించు అన్నాడు. ఫరవాలేదన్నాను. తిరుగు దారిలో ఇటే వస్తానని చెప్పి కంచరగాడిదని తోలుకుంటూ సఫద్ వైపు వెళ్ళిపోయాడు. ఏ దారిన తిరిగి వెళ్ళాడో గానీ, మా ఊరి మీదుగా మాత్రం రాలేదు.